బొమ్మ వాళ్లది, మేళం మనది: వికారాబాద్ జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

మూకీ అన్న పేరు మూకీలు ఆడుతున్న రోజుల్లో లేదు. టాకీ వచ్చాక దానికి జోడీగా పుట్టిన మాట అది. ఒక రకంగా అభాండం కూడా. తెర మీది మనుషులు మాట్లాడలేదు గానీ హాలు ఎప్పుడూ నిశ్శబ్దంగా లేదు. అమెరికాలో పెద్ద పట్నాల హాళ్లలో ఆర్కెస్ట్రాలు వాయించాయి, చిన్న ఊళ్లలో ఒక్క పియానోతో సరిపెట్టుకున్నారు. మన దగ్గర తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. అందుకే ఈ విన్నపం. మన జిల్లాలోని కోట్‌పల్లిలో ఏడాదికి కొన్ని సాయంత్రాలు పాత మూకీ హాస్యచిత్రాలు వేయించండి. వాటి సంగీతం స్పీకర్లోంచి కాకుండా ఈ జిల్లా వాద్యగాళ్ల చేతుల్లోంచి రానివ్వండి. ఇందులో రెండో సగమే అసలు విన్నపం. మొదటి సగం ఒక్కటే చేసేటట్టయితే అసలు చేయకపోయినా నష్టం లేదు. ఫోన్లో అందరికీ దొరికే బొమ్మను పెద్ద గుడ్డ మీద చూపించడానికి జిల్లా యంత్రాంగం దాకా రానక్కర్లేదు.

ఎందుకింత పట్టు అంటే, హాస్యంలో సంగీతం బొమ్మకు తొడిగే అలంకారం కాదు. బస్టర్ కీటన్ 1921లో తీసిన 'ద బోట్' అనే చిన్న చిత్రమే చూడండి. నిడివి అరగంట లోపే. ఇంటి కింది గదిలో కట్టుకున్న పడవ గుమ్మంలోంచి పట్టదు. గోడ కాస్త తొలిచి కారుతో లాగితే పడవ బయటికొస్తుంది, వెనకాల ఇల్లు కూలుతుంది. పడవను నీళ్లలోకి దించే తంతులో భార్య సీసా కొడితే సీసా పగలదు, పడవకే సొట్ట పడుతుంది. పైనుంచి వంగి సుత్తితో ఆ సీసాను అతనే పగలగొడతాడు. పడవ జారుతుంది. దాని మీద కీటన్ నిటారుగా నిలబడి ఉంటాడు. జారిన పడవ తేలదు. అదే వాలులో, ఎక్కడా ఆగకుండా, తిన్నగా నీళ్లలోకి దిగిపోతుంది. అతని నడుము మునుగుతుంది, భుజాలు మునుగుతాయి, ముఖంలో మాత్రం ఏ మార్పూ ఉండదు. ఇక్కడ వాద్యగాడి ముందు రెండు దారులున్నాయి. పడవతో పాటు స్వరాన్నీ కిందికి జార్చి, మునగగానే తాళాలు ఢభాలుమనిపించొచ్చు. అది కంటికి కనిపించిందే చెవికి మళ్లీ చెప్పడం. లేదా పెళ్లి ఊరేగింపు పాటను బ్యాండు వాళ్లు ఠీవిగా ఎత్తుకుని, పడవ మునుగుతున్న సంగతే తమకు పట్టనట్టు వాయించుకుంటూ పోయి, తల కూడా మునిగాక ఒక్క క్లారినెట్‌తో చివరి చరణం ముగించొచ్చు. మొదటి దారిలో పడవ మునిగినందుకు నవ్వుతాం. రెండో దారిలో ఆ మనిషి పరువు మునిగినందుకు నవ్వుతాం, కాస్త జాలీ పడతాం. బొమ్మ ఒక్కటే, నవ్వులు రెండు. ఏ నవ్వు రావాలో తేల్చేది వాద్యగాడు.

ఆ నవ్వు ఎంతసేపన్నది ముందే ఎవరూ చెప్పలేరు. ఒక ఊళ్లో నాలుగు క్షణాల్లో తగ్గుతుంది, ఇంకో ఊళ్లో వెనక కూర్చున్న పిల్లగాడి ఇకఇకలకు ముందు వరుస మళ్లీ మొదలుపెడుతుంది. బొమ్మ ఆగదు, నిజమే. కానీ ఆ తరం హాస్యగాళ్లు నవ్వుకు చోటు వదిలిపెట్టే తీశారు. హెరాల్డ్ లాయిడ్ తన సినిమాలను విడుదలకు ముందే జనానికి వేసి, వాళ్లు ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో గమనించి, దాన్ని బట్టి మళ్లీ కత్తిరించుకునేవాడు. ఆ వదిలిన చోటును నింపాలా, ఖాళీగా ఉంచాలా, పల్లవిని ఇంకో ఆవర్తం తిప్పాలా అన్నది ఆ పూట ఆ జనాన్ని బట్టి తేల్చుకోవాల్సిన పని. రికార్డుకు చెవులుండవు. హార్మోనియం ముందు కూర్చున్న మనిషికి రెండున్నాయి.

చాప్లిన్ సంగతి ఎత్తకుండా ఈ వాదన నిలవదు. పైకి చూస్తే ఆయన నాకు వ్యతిరేక సాక్షి కూడా. టాకీలు వచ్చి మూడేళ్లు దాటాక, 1931 జనవరి 30న 'సిటీ లైట్స్' విడుదల చేశాడు. మాటలు వద్దన్నాడు, సంగీతం కావాలన్నాడు. సంగీతం తానే కట్టి, దాన్ని ఫిల్ము మీదే ఎక్కించాడు. 1936లో 'మోడర్న్ టైమ్స్'కూ అదే దారి. చాప్లినే రికార్డు చేయించగా లేనిది మనకెందుకీ చాదస్తం అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. సినిమాలో ప్రతి అంగుళమూ తన చేతిలో ఉండాలనుకున్న మనిషి ఆయన. హాలుకొక తీరుగా మోగే సంగీతం ఆయన చేతిలో ఉండదు కదా. మనకు కావాల్సింది ఆ హాలుకొక తీరే. అయినా అదే చాప్లిన్ ఆత్మకథలో రాసుకున్న ఒక సంగతి మన వాద్యగాళ్లందరికీ ముందుగా చెప్పాలి. స్వరాలు కూర్చిపెట్టే వాళ్లు సంగీతం కూడా నవ్వు పుట్టించేలా ఉండాలన్నారట, ఆయన ఒప్పుకోలేదు. తన దేశదిమ్మరి పాత్రకు సంగీతం పోటీ రాకూడదని, వాడి పక్కన అందంగా, నాజూగ్గా నడవాలని ఆయన పట్టు. ఆ సంగీతం ఫిల్ము మీద పదిలంగా ఉన్నా, ఇవాళ పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు రికార్డును ఆపేసి, తెర ముందు కూర్చుని, 'సిటీ లైట్స్'కు కళ్లెదుట వాయిస్తున్నాయి. ఇటలీలో పోర్దెనోనె అనే ఊళ్లో 1982 నుంచి మూకీలకే ఒక ఉత్సవం జరుగుతోంది. అక్కడ వాద్యగాడు లేకుండా సినిమా వేయడం ఊహకందని పని.

అది ఇటలీ, ఇది కోట్‌పల్లి అంటారా? కదిలే బొమ్మ పక్కన కూర్చుని వాయించడం మనం ఎవరి దగ్గరా నేర్చుకోవాల్సిన విద్య కాదు. తెలుగు నేల మీద తోలుబొమ్మలాట ఏమిటి? తెల్లగుడ్డ, వెనక దీపం, కదిలే బొమ్మ, పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు. కథ బరువెక్కినప్పుడల్లా జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించిపోతారు. తెలంగాణలో పటం కథల వాళ్లు నకాషీ బొమ్మల పటాన్ని ఒక్కో గడి విప్పుతూ వాద్యాలతో కథ చెబుతారు. సురభి నాటకాల్లో మాయలు జరుగుతున్నంతసేపూ హార్మోనిస్టు కళ్లు పెట్టె మీద ఉండవు, రంగం మీద ఉంటాయి. తీగ లాగడం ఒక్క లిప్త ఆలస్యమైతే ఆ లిప్తను ఆయన వేళ్లే కప్పిపుచ్చుతాయి. 1885లో మొదలైన ఆ సురభి కుటుంబాల్లో చాలామంది ఉంటున్నది లింగంపల్లిలో. అక్కడ రైలెక్కితే నేరుగా వికారాబాద్‌లో దిగొచ్చు. మన జిల్లా ఊళ్లలో చిరుతల రామాయణం ఆడించిన వాళ్లు, శనివారం హనుమాండ్ల గుడి దగ్గర భజన చేసేవాళ్లు, పెళ్లిళ్ల బ్యాండు వాళ్లు, డప్పు కొట్టేవాళ్లు ఉన్నారు. మనిషి అడుగును చూసి దరువు మార్చడం వీళ్లకు కొత్త కాదు. నోట్స్ చదవడం రాదంటారేమో. అవసరం లేదు. ఒక సినిమాను ఐదారుసార్లు చూసి, గోడ కూలే చోటు, పోలీసు వచ్చే చోటు, పిల్లవాడు తొట్టి బిరడా పీకే చోటు గుర్తుపెట్టుకుంటే చాలు. యక్షగానమైనా అంతే కదా, కాగితం చూసి వాయించిందెవరు?

మన సినిమాలే వేయొచ్చుగా, కీటన్ ఎవరు, లాయిడ్ ఎవరు అన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. వేయగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది! హైదరాబాదులోనే మూకీ హాస్యచిత్రాలు తీశారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ చిత్రకారుడు నిజాం రాజ్యంలో కళాశాల ఉపాధ్యాయుడిగా ఉండి, కలకత్తా వెళ్లి, 1921లో 'బిలాత్ ఫేరత్' తీశాడు. సీమకు వెళ్లొచ్చిన వాడి డాంబికం మీద వేళాకోళం అది. 1922లో తిరిగి హైదరాబాదు చేరి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్' లాంటివి ఇక్కడే తీశాడు. 1924లో 'రజియా బేగం' వేసినందుకు నిజాం ఆగ్రహించి రాజ్యం వదిలి వెళ్లమన్నాడు, కంపెనీ అక్కడితో సరి. తర్వాత చాలా ఏళ్లకు ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది గానీ హైదరాబాదులో తీసిన ఆ నవ్వులు ఇవాళ చూద్దామంటే లేవు. దేశం మొత్తం మీద తీసిన 1,300కు పైగా మూకీల్లో ముక్కా చెక్కా కలుపుకున్నా మిగిలినవి పట్టుమని ముప్ఫై ఉండవు. కాబట్టి మన బొమ్మ పోయింది. పోనిది మన మేళం. పరాయి బొమ్మే అయినా దాని పక్కన మోగే సగం ఇక్కడిదైనప్పుడు, ఆ పూటకు అది కోట్‌పల్లి సినిమాయే.

మరి ఖర్చూ శ్రమా తగ్గేలా మంచి స్పీకర్లు పెట్టి రికార్డు వేస్తే పోలేదా? ఈ ప్రయోగం తెలుగువాడే నూరేళ్లకు ముందే చేసి చూశాడు. తెలుగు సినిమా పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో మద్రాసుకు క్రోనోమెగాఫోన్ తెప్పించాడు. బొమ్మ ఒక యంత్రంలో, ధ్వని గ్రామఫోను పలకలో, రెండూ అడుగులో అడుగేసి నడవాలి. దాన్ని మోసుకుని ఊళ్లు తిరిగాడు, జనం విరగబడి చూశారు. కానీ పలక ఎంతసేపు తిరిగితే బొమ్మా అంతసేపే. కొద్ది నిమిషాల వింత అది. ఆ తర్వాత ఆయనే మద్రాసులో గెయిటీ హాలు కట్టాడు. అప్పటికి వచ్చిన పొడుగు సినిమాలకు ఆ పలకలు చాలవు, మనుషులే కావాలి. ఇప్పుడు యంత్రాలు బాగుపడ్డాయి, రికార్డు గంటలకొద్దీ తడబడదు. అదే దాని లోపం కూడా. ఎవరు వచ్చినా, ఎవరు నవ్వినా, వాన చినుకు పడినా అదే మోత.

దీని వెనక పొట్టకూటి లెక్క కూడా ఒకటుంది. టాకీలు వచ్చిన రెండు మూడేళ్లలో అమెరికాలో వేలమంది హాలు వాద్యగాళ్లు వీధిన పడ్డారు. వాళ్ల సంఘం డబ్బా సంగీతం వద్దంటూ పత్రికల్లో ప్రకటనలు వేసుకుంది, ఎవరూ వినలేదు. డీజే వచ్చాక మన బ్యాండు వాళ్లకు జరుగుతున్నది అదే. ఎర్రకోటు మడిచి పెట్టెలో పెట్టి, ట్రంపెట్ అటక మీద పెట్టి, తాండూరు బండల గనుల్లోకో హైదరాబాదు అడ్డా మీదికో పోతున్నారు. వాళ్లను ఉద్ధరించమని కాదు నేనంటున్నది. సన్మానం చేసి శాలువా కప్పితే చేతికి పని దొరకదు. రిహార్సలు రోజులకూ కూలి కట్టి, కష్టమైన పని చేయించమంటున్నాను. ఇరవై నిమిషాల కీటన్ బొమ్మకు వాయించడం మూడు గంటల బరాత్ కన్నా కష్టం. ఒక్క ప్రదర్శనకు కనీసం మూడు రిహార్సళ్లు లేకపోతే మొదటి రాత్రే అల్లరిపాలవుతుంది, ఆ తర్వాత ఎవరూ మళ్లీ తలపెట్టరు. డబ్బు ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించకండి.

డప్పు దరువుకు కీటన్ ఏమిటి, అపచారం కాదా అనే రసికులూ ఉంటారు. నాకు వాళ్ల మీద గౌరవమే. కానీ ఆ రోజుల్లో సినిమా కంపెనీలు వాద్యగాళ్లకు పంపిన సూచికలు కూడా ఇక్కడ పరుగు, ఇక్కడ విషాదం అని చెప్పే సలహా పత్రాలే. ఏ హాలులో ఏ వాద్యం ఉంటే దాంతోనే పని నడిచింది. పైగా కీటన్ ముఖానికీ మన భజన హార్మోనియానికీ ఒక పోలిక ఉంది. చుట్టూ ఏం జరిగినా రెండూ గంభీరంగానే ఉంటాయి. డప్పును మాత్రం పొదుపుగా వాడాలి. చిర్ర, సిటికెన పుల్ల రెండూ కలిసి పరుగు సీనంతా దంచితే చెవి అలిసిపోతుంది, ఆగవలసిన చోట ఆగితేనే దాని విలువ. ఇంకో చిన్న సంగతి. నీళ్ల దాపున చలికాలం రాత్రి డప్పు చర్మం మెత్తబడుతుంది. తెరకు దూరంగా చిన్న నెగడు, కాచుకోవడానికి రెండు సినిమాల మధ్య పది నిమిషాల విరామం ఉండాలి. ఇలాంటివి ఫైళ్లలో ఉండవు, వాయించే వాళ్లనే అడగాలి.

నలుపు తెలుపు బొమ్మలు ఇప్పుడు ఎవరు చూస్తారన్న మాటకు ఎక్కువసేపు జవాబు చెప్పను. 1987లో సింగీతం శ్రీనివాసరావు గారి 'పుష్పక విమానం'లో ఒక్క సంభాషణ లేదు, తెలుగువాళ్లు కడుపుబ్బ నవ్వుకున్నారు. ఇవాళ బస్సులో పక్కవాడి ఫోను కేసి చూడండి, మాట వినబడకుండా జారిపడుతున్న మనిషిని చూసి నవ్వుకుంటూనే ఉంటాడు. పైగా మన జిల్లాకు మూకీ సరిపోయినంతగా టాకీ సరిపోదు. తాండూరు బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. నలుగురూ ఒకే క్షణాన ఒకే సంగతికి నవ్వే సినిమా ఇంకేముంది? మధ్యలో వచ్చే అక్షరాల చట్రాలు చదివి చెప్పడానికి ఒక మనిషి కావాలి. జపాన్‌లో అలాంటి వ్యాఖ్యాతలకు తారలకున్నంత పేరుండేది. మనకు బుర్రకథలో హాస్యపు వంత ఉన్నాడు. ఆయన్ను పెట్టండి, కానీ చట్రం వచ్చినప్పుడే నోరు విప్పాలని షరతు పెట్టండి. లేకపోతే కీటన్ కన్నా ఆయనే ఎక్కువ కనిపిస్తాడు.

చోటు గురించిన ఒక అభ్యంతరానికి మాత్రం నేను తలొగ్గుతున్నాను. కోట్‌పల్లి అనగానే అందరికీ 1967లో కట్టిన జలాశయమే గుర్తొస్తుంది. సెలవులొస్తే హైదరాబాదు నుంచి వచ్చి కయాక్‌లు నడిపి, ఫోటోలు దిగి, పొద్దుగూకేసరికి వెళ్లిపోతారు. నీళ్లలో మునిగే పడవ బొమ్మను నీళ్ల గట్టునే వేయాలన్న ఊహ ఎవరినైనా ఊరిస్తుంది. వద్దు. చీకట్లో చిన్నపిల్లలతో వచ్చిన జనం గట్టు మీద ఉండటం ప్రమాదం, చుట్టూ అడవి, నీళ్ల మీద పక్షులు. ఊళ్లో బడి ఆవరణే దీనికి సరైన చోటు. మైకులు కూడా వాడకుండా, వాద్యం సహజంగా ఎంత వినబడితే అంతమందే కూర్చునేలా ఏర్పాటు చేస్తే, ఇది ఇంకో మోత అవుతుందేమోనన్న భయమూ ఉండదు. రాత్రికి జనం ఊళ్లో ఆగితే చాయ్ బండ్లకూ మిర్చీ బజ్జీల వాళ్లకూ నాలుగు డబ్బులు దొరుకుతాయి. అయితే దానికోసమే ఇది చేయమని నేను అడగడం లేదు.

ఇక చట్టం. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు. కాబట్టి 1920ల నాటి చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. సంగీతం లెక్క వేరు, కట్టినవాడు పోయాక 60 ఏళ్లు. చాప్లిన్ పోయింది 1977లో, అంటే ఆయన బాణీల మీద హక్కు 2037 చివరిదాకా ఉంటుంది. చట్టం కూడా సొంత మేళం పెట్టుకోమనే అంటోందన్నమాట. బాగుచేసి అమ్ముతున్న కొత్త ప్రతుల షరతులు మాత్రం విడిగా చూసుకోవాలి. అందుకే కీటన్‌తో మొదలుపెట్టమని నా సలహా. జనం ముందు వేయడానికి సెన్సారు ధ్రువపత్రమో మినహాయింపో కావాలి. స్థలం అనుమతులు సరేసరి. ఈ కాగితాలు నడపడం బ్యాండు వాళ్ల వల్లా భజన మండలి వల్లా కాదు. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం అదే.

రోజు కూడా నేనే సూచిస్తాను. బొమ్మకు చీకటి కావాలి, వెన్నెల రాత్రులు పనికిరావు. కంది కోతలు అయిపోవాలి, లేకపోతే రైతు రాడు. ఈ రెండూ కుదిరే రాత్రి మహాశివరాత్రి. అమావాస్య ముందటి చీకటి, పైగా జాగారం. శివరాత్రి నాడు రాత్రంతా సినిమాలు చూడటం మనకు పాత అలవాటే. పొద్దుగూకగానే మొదలుపెట్టి 'ద బోట్', ఆ తర్వాత రైళ్లు చూస్తూ పెరిగిన వికారాబాద్ పిల్లల కోసం కీటన్‌దే 'ద జనరల్' అనే రైలు సినిమా వేస్తే, లింగోద్భవ కాలానికి ముందే భజన వాళ్లు హార్మోనియం సర్దుకుని గుడికి చేరగలరు. వచ్చే శివరాత్రికి ఒక్క రాత్రి ఒప్పుకోండి. వాద్యగాళ్లను దసరా నుంచే పిలిపించి సినిమా చూపించడం మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడు